కారు ఎందుకు కారుతుంది?

సెకండ్ హాండ్ కారు కొన్న మనవాళ్ళలో చాలామందికి మొదటి వానాకాలంలోనే ఒక అనుమానం మొదలవుతుంది. పొద్దున్నే తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. అద్దాలన్నీ లోపల్నించి మసక. కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తితే కింద కార్పెట్ పిండితే నీళ్ళు వచ్చేలా ఉంటుంది. వెంటనే మనం చేసే నిర్ధారణ ఒకటే: ఎక్కడో చిల్లు పడింది, ఓ సిలికాన్ ట్యూబు తెచ్చి పూసేస్తే పోతుంది. (కారు అని పేరు పెట్టుకున్నాక కారకుండా ఉంటుందా అని జోకు కూడా వేసుకుంటాం.)

నా ఉద్దేశంలో ఈ "చిల్లు" సిద్ధాంతమే మనల్ని ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఎందుకంటే కారు ఎప్పుడూ నీళ్ళు చొరబడని డబ్బా కాదు. అలా తయారు చెయ్యాలని దాన్ని కట్టినవాళ్ళు అనుకోనూ లేదు. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. తెలంగాణలో భవంతి ఇల్లన్నా అదే. నాలుగు వైపుల పెంకుల వాలూ ఇంటి లోపలికే ఉంటుంది. వాన నడిమధ్యన చప్టా మీద పడుతుంది, తూము గుండా బయటికి పోతుంది. వానని ఆపడం ఆ ఇంటి ఉద్దేశం కాదు, లోపలికి రానిచ్చి మర్యాదగా సాగనంపడం దాని ఉద్దేశం. తూములో ఆకులు అడ్డం పడిన రోజే వసారా తడుస్తుంది. ఇవాళ్టి కారు కూడా అచ్చం అంతే. అది అలా ఎలా తయారైందో తెలిస్తే, తడి ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. అందుకే ముందు కాస్త చరిత్ర.

మొదటి కార్లకి ఈ బాధ లేనే లేదు, ఎందుకంటే వాటికి కప్పే లేదు! 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండికి కప్పూ లేదు, ముందు గాజూ లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా చాలా కార్లు గుర్రం తీసేసిన బగ్గీల్లాగే ఉండేవి. టాప్ కావాలన్నా, ముందు గాజు కావాలన్నా విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన రోజులు అవి. టూరింగ్ కారు అనేదానికి మడత పెట్టే కాన్వాస్ టాపు, పక్కన సెల్యులాయిడ్ కిటికీలు కుట్టిన పరదాలు ఉండేవి. వాన మొదలైతే బండి ఆపి, సీటు కింద నించి పరదాలు తీసి, ఒక్కొక్క గుండీ పెట్టుకోవాలి. అన్నీ పెట్టేసరికి వాన వెలిసేదేమో! తడవడం అప్పట్లో కారు లోపం కాదు, కారెక్కినవాడి ఖర్మ. తోలు సీట్లు, కింద చెక్క పలకలు. తడిస్తే ఎండుతాయి, అంతే.

1903లో అమెరికాలో అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ లోపల కూర్చుని తిప్పగలిగే వైపర్‌కి పేటెంట్ తీసుకుంది. న్యూయార్క్ వెళ్ళినప్పుడు ట్రామ్ నడిపేవాడు మంచులో ముందు కిటికీ తెరుచుకుని అవస్థ పడడం చూసి ఆవిడకి ఆ ఆలోచన వచ్చిందట. ఆ పేటెంట్ వల్ల ఆవిడకి డబ్బేమీ రాలేదు, అది వేరే కథ. నాకిందులో నచ్చిన విషయం ఏంటంటే, వానలో కూడా బండి నడపాలి అని అనుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. అప్పటిదాకా వానొస్తే ఇంట్లో ఉండడమే.

అసలు మలుపు 1920లలో వచ్చింది. జనరల్ మోటర్స్‌ని నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ తన ఆత్మకథలో దీని లెక్కలు ఇచ్చాడు. 1919లో అమెరికాలో అమ్మిన కార్లలో కప్పూ తలుపులూ పూర్తిగా ఉన్నవి 10 శాతం. 1927 నాటికి 85 శాతం. ఎనిమిదేళ్ళలో లోకం తలకిందులైంది. ఇందులో హడ్సన్ కంపెనీ ఎసెక్స్ కోచ్ పాత్ర పెద్దది. మూసిన కారు అంటే డబ్బున్నవాళ్ళదే అనుకునే రోజుల్లో దాన్ని 1,495 డాలర్లకి తెచ్చారు. వాళ్ళదే తెరిచిన టూరింగ్ కారు కంటే 300 ఎక్కువ. ధర తగ్గిస్తూ తగ్గిస్తూ 1925కల్లా 895కి దించారు, అంటే టూరింగ్ కంటే 5 డాలర్లు తక్కువ! ఇక తడుస్తూ ఎవడు తిరుగుతాడు? కారు ఆదివారం షికారు వస్తువు కాస్తా రోజూ ఆఫీసుకి వెళ్ళే సాధనం అయింది కూడా ఇక్కడే.

అయితే అసలు సమస్య పుట్టింది కూడా ఇక్కడే. తెరిచిన బండిలో పడ్డ నీళ్ళు ఎండలో ఆరిపోతాయి. మూసిన గదిలోకి వచ్చిన నీళ్ళకి పోయే దారి లేదు. పైగా అప్పటి మూసిన కార్ల కప్పు రేకు కాదు. కారు పైభాగం మొత్తానికి సరిపోయేంత వెడల్పు రేకు దొరకడం కష్టం, దాన్ని ఒక్క ముక్కగా ఒత్తే ప్రెస్సులూ లేవు. అందుకని నడిమధ్యలో చెక్క పట్టీలు వేసి, వాటి మీద కోళ్ళ గూటికి వాడే లాంటి తీగ జాలీ, దాని మీద దూది, దాని మీద రసాయనం పూసిన గుడ్డ. చుట్టూ అంచు మటుకు రేకు. అంటే మన తాటాకు పందిరికి కాస్త ఖరీదైన చుట్టం. ఏడాదికోసారి పైన పూత వెయ్యాలి. గుడ్డ పగిలితే నీళ్ళు దూదిలోకి, దూదిలోంచి చెక్కలోకి. బాడీ లోపలి చట్రం కూడా చాలా కార్లలో చెక్కదే కాబట్టి బయటికి నిగనిగలాడుతున్న కారు లోపల పుచ్చిపోతూ ఉండేది. పాత కార్లని మళ్ళీ నిలబెట్టే అభిరుచి ఉన్నవాళ్ళని అడగండి, 1920ల కారు కొనేటప్పుడు మొదట చూసేది ఇంజను కాదు, తలుపు స్తంభాల్లో చెక్క గట్టిగా ఉందా లేదా అని.

దీన్ని తీర్చింది కార్లవాళ్ళు కాదు, ఉక్కువాళ్ళు. జాన్ టైటస్ అనే ఇంజనీరు ఆర్మ్‌కో కంపెనీ కోసం కెంటకీ రాష్ట్రంలో యాష్‌లాండ్ దగ్గర, వెడల్పైన రేకుని ఆగకుండా సాగదీసే మిల్లుని 1920లలో నడిపించి చూపాడు. అలాంటి మిల్లులు పెరిగాక జనరల్ మోటర్స్‌కి బాడీలు కట్టే ఫిషర్ బాడీ "టర్రెట్ టాప్" అనే ఒంటిముక్క ఉక్కు కప్పుని 1935 మోడల్ కార్లలో తెచ్చింది. ఫోర్డ్ 1937లో అదే దారి పట్టింది. కప్పు నించి నీళ్ళు కారడం అనే చరిత్ర దాదాపు అక్కడితో ముగిసింది. మరి సమస్య తీరిపోవాలి కదా?

తీరలేదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. ఒక బగ్ సరిచేసిన రిలీజులోనే నాలుగు కొత్త ఫీచర్లు వస్తాయి, ప్రతి ఫీచరూ ఒక కొత్త కన్నం. కప్పు గట్టిపడగానే మనుషులకి కారు లోపల సుఖాలు కావాల్సొచ్చాయి. ఇక్కణ్ణించి జరిగినదంతా కంపెనీలు తమంతట తాము కారుకి కన్నాలు పెట్టిన చరిత్రే.

మొదటి కన్నం గాలి కోసం. అంతకు ముందు చాలా హీటర్లు లోపలి గాలినే తిప్పి తిప్పి వేడి చేసేవి. అద్దాలు మసకబారేవి, తల దిమ్మెక్కేది. 1938 మోడల్ నాష్ కార్లలో, తర్వాత "వెదర్ ఐ" అని పేరు పడ్డ ఏర్పాటు వచ్చింది. బయటి గాలిని ముందు గాజు కింది భాగం దగ్గర పట్టి, వడపోసి, వేడిచేసి లోపలికి పంపడం. కారు పరిగెడుతుంటే ముందు గాజు అడుగున గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి గాలి పట్టడానికి అది మంచి చోటు. కానీ వాన పడితే గాజు మీది నీళ్ళన్నీ జారి చేరేది కూడా అక్కడికే! వైపర్లు తోసేదీ అక్కడికే. మరి గాలి కావాలి, నీళ్ళు వద్దు. దీనికి కనిపెట్టిన ఉపాయమే మన మండువా. బానెట్ వెనక, గాజు కింద ఒక తొట్టి. నీళ్ళు తొట్టి అడుక్కి పోయి రెండు పక్కల ఉన్న తూముల్లోంచి చక్రాల వెనక కిందకి కారిపోతాయి. గాలి లోపలికి వెళ్ళే కన్నానికి కాస్త ఎత్తుగా గట్టు కట్టి ఉంటుంది. దీన్నే కౌల్ అంటారు. వైపర్ల కింద కనిపించే నల్లటి ప్లాస్టిక్ జాలీ దాని మూత. ఇవాళ రోడ్డు మీదున్న కార్లలో ఎక్కువ భాగం ఈ పద్ధతే.

లోపలికి గాలి వస్తే బయటికి పోవాలి కూడా. ఫోక్స్‌వాగన్ బీటిల్ సంగతి పాతవాళ్ళకి తెలుసు. అది ఎంత బిగుతుగా ఉండేదంటే, కిటికీ కాస్త దించితే గానీ తలుపు సరిగ్గా పడేది కాదని చెప్పుకునేవాళ్ళు. 1964 చివర్లో ఇంగ్లండ్ ఫోర్డ్ వాళ్ళు కోర్టినా కారులో "ఏరోఫ్లో" పేరుతో ముందు నించి గాలి రావడం, వెనక స్తంభంలోని కన్నాల్లోంచి పోవడం అనే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు చాలా కార్లలో ఆ కన్నాలు వెనక బంపర్ చాటున, రబ్బరు రెప్పలతో ఉంటాయి. ఒకసారి వెనకనించి గుద్దించుకుని బంపర్ మార్చిన కారైతే ఆ రెప్ప చుట్టూ ఉండే నురుగు పట్టీ సరిగ్గా కూర్చోకపోవచ్చు. డిక్కీలో స్టెప్నీ గుంటలో నీళ్ళు నిలిచే కార్లలో ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి.

ఇక ఏసీ. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో కొనుక్కునేవాళ్ళకి ఏసీ వచ్చింది, సగం డిక్కీని తినేస్తూ. 1954లో నాష్ వాళ్ళు దాన్ని హీటరుతో కలిపి ముందుకి తెచ్చి డాష్ కింద ఇమిడ్చారు. దీంతో ఒక వింత జరిగింది. అప్పటిదాకా నీళ్ళు బయటినించి రావాలి. ఇప్పుడు కారే లోపల నీళ్ళు తయారు చేస్తోంది! ఉక్కపోత రోజు చల్లటి కాయిల్ మీద గాలిలో తేమ చెమటలా పట్టి గంటకి లీటరు పైన కూడా దిగొచ్చు. దాన్ని బయటికి పంపేది వేలెడంత గొట్టం ఒకటి. వానాకాలంలో కాకుండా మే నెలలో కార్పెట్ తడుస్తోందంటే ఆ గొట్టం పేరు తలుచుకోవాలి.

తలుపుల సంగతి మరీ విచిత్రం. గాజు కిందకి దిగాలంటే పైన చీలిక ఉండాలి. చీలిక ఉంటే నీళ్ళు దిగుతాయి. రబ్బరు పట్టీ ఎంత బాగున్నా కొన్ని దిగుతూనే ఉంటాయి. కాబట్టి తలుపు లోపల తడవడం మామూలే. తలుపు అడుగు అంచున చిన్న కన్నాలు ఉంటాయి, అవి తూములు. లోపలి వైపు, మనకి కనిపించే ప్యానెల్ వెనక, ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది, అది గట్టు. స్పీకర్ మార్చినవాడో, కిటికీ మోటర్ మార్చినవాడో ఆ కాగితాన్ని చింపి అలాగే వదిలేస్తే తలుపు నీళ్ళు నేరుగా మన కాళ్ళ దగ్గరికి. పాత కారులో కొత్త మ్యూజిక్ సిస్టమ్ కనపడితే సంతోషించే ముందు అది గుర్తు పెట్టుకోండి.

పాత కార్లకి తలుపుల పైన ఒక సన్నటి రేకు గాడి ఉండేది, మన ఇంటి చూరు లాగా. అంబాసిడర్‌ని దగ్గర్నించి చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అది 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆకారం, 2014 దాకా ఉత్తరపారాలో తయారయింది. 1973 చమురు సంక్షోభం తర్వాత మైలేజీ కోసం గాలికి అడ్డొచ్చేవన్నీ నునుపు చేయడం మొదలెట్టారు. 1982లో వచ్చిన ఆడీ 100లో కిటికీ గాజుల్ని బాడీతో సమంగా పెట్టి, గాలి అడ్డు కొలతని 0.30కి దించామని గొప్పగా చెప్పుకున్నారు. అలా నునుపు చేసే క్రమంలో చూరు కూడా కనుమరుగై, నీళ్ళని పక్కకి తప్పించే పని తలుపు చుట్టూ ఉండే మెత్తటి రబ్బరు మీద పడింది. సహజ రబ్బరు గాలిలోని ఓజోన్‌కి పగుళ్ళిస్తుంది. 1960లలో ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు వచ్చాక ఆ పట్టీలు ఎక్కువ ఏళ్ళు నిలబడుతున్నాయి. నిలబడతాయి గానీ నలిగిపోతాయి, పదేళ్ళు తలుపు కింద అణిగిన రబ్బరు మళ్ళీ లేవదు.

సన్‌రూఫ్ ఉన్న కారైతే మండువా నడినెత్తినే ఉన్నట్టు. సన్‌రూఫ్ రబ్బరు నీళ్ళని పూర్తిగా ఆపుతుందని చాలామంది నమ్మకం. అది ఆపేది సగమే. మిగతాది గాజు చుట్టూ ఉన్న గాడిలోకి దిగి, మూలల్లో ఉన్న సన్న గొట్టాల ద్వారా స్తంభాల్లోంచి కిందకి పోవాలి. గొట్టంలో దుమ్ము పట్టినా, కింద కొస ఊడినా, నీళ్ళు స్తంభం లోపల్నించి నేరుగా కార్పెట్ కిందకి చేరతాయి. పైన సీలింగ్ గుడ్డ మీద మరక కూడా ఉండకపోవచ్చు.

ఇక ముందు గాజు. పాత రోజుల్లో లావాటి రబ్బరు చట్రంలో తాడు లాగి గాజుని బిగించేవారు. రబ్బరు ముదిరితే నీళ్ళు. అమెరికాలో ప్రమాదాల్లో గాజు ఊడి మనుషులు బయటికి ఎగిరిపడడం ఆపాలని 1970 నించి ఒక భద్రతా ప్రమాణం అమల్లోకి వచ్చింది. రబ్బరు చట్రాలు క్రమంగా పోయి, గాజుని నేరుగా రేకుకి జిగురుతో అంటించడం మామూలైంది. మొదట బ్యూటైల్ లాంటివి, ఆ తర్వాత గట్టి పాలీయురెథేన్. ఇప్పుడా గాజు కారు బలంలో భాగం. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు చాలా కార్లలో దానికి దన్ను ఆ గాజే. అందుకే గాజు అంచున నీళ్ళు వస్తున్నాయంటే అది తడి సమస్య ఒక్కటే కాదు, ఎవరో గాజు మార్చినప్పుడు పని సరిగ్గా చెయ్యలేదన్నమాట. అక్కడ రాజీ పడొద్దు, తీసి మళ్ళీ అంటించాల్సిందే.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, పందాలు మారాయి. 1925లో నీళ్ళు తినేది చెక్కని. 1975లో తినేది నేల రేకుని, దానికి ఏళ్ళు పట్టేది. ఇవాళ నీళ్ళు తినేది ఎలక్ట్రానిక్స్‌ని, దానికి రెండు వానలు చాలు. బాష్ వాళ్ళు 1986లో క్యాన్ బస్‌ని లోకానికి చూపించాక కారంతా ఒక నెట్‌వర్క్ అయిపోయింది. ఆ పెట్టెలు, వాటి కనెక్టర్లు కొన్ని కార్లలో సరిగ్గా కార్పెట్ కిందో, సీటు కిందో, కాలి పక్క ప్యానెల్ వెనకో ఉంటాయి. తడిసిన కనెక్టర్‌లో పచ్చటి చిలుము పడితే తాళం పనిచెయ్యదు, లైట్లు వాటంతటవే వెలుగుతాయి, ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరదు. ప్రతి లక్షణానికీ ఒక పార్టు మార్చుకుంటూ పోతే కారు ధర దాటిపోతుంది. మూలం మాత్రం గుప్పెడు ఆకులు.

నా కారు సంగతే చెప్తాను. పోర్ట్‌లాండ్‌లో ఉంటాను, ఏడాదిలో సగం సన్నటి వాన. పదకొండేళ్ళ సెడాన్ కొన్నాను, కంపెనీ పేరు అనవసరం. కుడి పక్క ముందు సీటు దగ్గర తడి. ఒక షాపులో చూపిస్తే ముందు గాజు తీసి మళ్ళీ అంటించాలన్నారు. నాకు ఒక విషయం పొసగలేదు. తడి ఇంటి దగ్గర ఆపిన రాత్రులే వచ్చేది, ఆఫీసు దగ్గర పది గంటలు వానలో నిలబెట్టినా వచ్చేది కాదు. గాజు కారితే రెండు చోట్లా కారాలి కదా? తేడా ఏంటంటే మా ఇంటి ముందు నేల ఒక పక్కకి వాలు, పైన పెద్ద ఫర్ చెట్టు. ఒక శనివారం పక్కింటాయన్ని టార్చితో లోపల కూర్చోబెట్టి పైపు పట్టుకున్నాను. గాజు పై అంచున ఐదు నిమిషాలు పోశాను, పొడి. గాజు కింద జాలీలో పోశాను. మూడో నిమిషంలో లోపల బ్లోయర్ దగ్గర గుడగుడ, ఆ తర్వాత చుక్కలు. జాలీ విప్పితే తొట్టి నిండా ఫర్ ఆకులు కుళ్ళి ఎరువులా తయారై ఉన్నాయి, తూము మూతి ఎక్కడుందో కనపడలేదు. తవ్వి తీసి, తూము రబ్బరు నోరు విప్పితే నీళ్ళు ఒక్కసారిగా చక్రం వెనక దూకాయి. ఖర్చు సున్నా. గాజు మార్పిస్తే వందల డాలర్లు పోయేవి, తడి అలాగే ఉండేది.

దీన్నించి నేను పాటించే వరస చెప్తాను. మొదటిది, ఏ నీళ్ళో తేల్చుకోండి. వాన పడ్డాకే తడుస్తోందా, ఏసీ వేసినప్పుడే తడుస్తోందా? కాస్త తియ్యటి వాసనతో, జిడ్డుగా, గాజు మీద పొరలా వస్తోందంటే అది వాననీరు కాదు, హీటర్ నించి కారుతున్న కూలెంట్. అది విషం, రుచి చూడకండి. రెండోది, తడి కనిపించిన చోటు మూలం కాదు. నీళ్ళు వైర్ల వెంట, రేకు అతుకుల వెంట మీటరు దూరం నడుస్తాయి. కాబట్టి కార్పెట్ ఎత్తి, కింద ఫోమ్ పక్కకి తీసి, వట్టి రేకు కనపడేలా చేసి, ఆరబెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. తడి మీద తడి వెతకడం లాగ్ ఫైల్ తుడవకుండా బగ్ వెతకడం లాంటిది. మూడోది, పైపు సన్న ధారతో కింద నించి పైకి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పై నించి మొదలుపెడితే నీళ్ళు కిందున్నవాటన్నిటి మీదా పారి ఏది కారిందో తెలియదు. ప్రెషర్ వాషర్ వద్దు, వాన అలా పడదు. అనుమానం ఉన్న చోట లోపల పేపరు టవల్ అంటిస్తే మొదటి చుక్క ఎక్కడ పడిందో చెప్పేస్తుంది.

బాగుచెయ్యడంలో మొదటి పని తూములు: కౌల్ తొట్టి, సన్‌రూఫ్ గొట్టాలు, తలుపు అడుగు కన్నాలు, ఏసీ గొట్టం. సన్‌రూఫ్ గాడిలో చిన్న గ్లాసుతో నీళ్ళు పోసి, కింద చక్రం దగ్గరో తలుపు కీలు దగ్గరో వస్తున్నాయా చూడండి. రాకపోతే గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ మెల్లిగా దూర్చండి. గట్టి కంప్రెసర్ గాలి కొడితే గొట్టం లోపలెక్కడో ఊడిపోతుంది, అప్పుడు అసలు కథ మొదలవుతుంది. తూములన్నీ బాగున్నాయని తేలాకే రబ్బరు పట్టీలు, ఆ తర్వాత రేకు అతుకుల మీద పగిలిన సీలర్, ఆఖరున గాజు.

సిలికాన్ జోలికి మాత్రం పోకండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఆసిడ్ వదులుతుంది, కింద రేకు తుప్పు పడుతుంది. పైగా అది పూసిన చోట తర్వాత గాజు జిగురు పట్టదు. అన్నిటికన్నా ఘోరం, నీళ్ళు బయటికి పోయే కన్నాన్ని కూడా "చిల్లు" అనుకుని దానితో మూసేసే మహానుభావులున్నారు. మండువా తూముకి సిమెంటు పెట్టడమే కదా అది?

ఆరబెట్టడం కూడా పనిలో భాగమే. పైన కార్పెట్ ఒక రోజులో పొడిగా కనిపిస్తుంది, కింద మందపాటి ఫోమ్ లీటర్ల కొద్దీ నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని ఎత్తి పెట్టి ఫ్యాన్, వీలైతే డీహ్యుమిడిఫైయర్ రోజుల తరబడి నడపాలి. అంతదాకా సీటు కింద కనెక్టర్ల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇక ఆఖరి సంగతి, కొనేవాళ్ళ కోసం. తూము మూసుకుపోయిన కారు వేరు, వరదలో మునిగిన కారు వేరు. 2005 జూలై 26న ముంబై శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే ఏడాది అమెరికాలో కత్రినా, 2015 డిసెంబర్‌లో చెన్నై, 2017లో హ్యూస్టన్‌లో హార్వే, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిసారీ నీళ్ళల్లో తేలిన కార్ల ఫోటోలు చూశాం. ఆ కార్లన్నీ తుక్కుకే పోలేదు, కొన్ని ఎండి, సెంటు పూసుకుని మళ్ళీ మార్కెట్‌కి వస్తాయి. అమెరికాలో 1992 చట్టంతో మొదలైన జాతీయ టైటిల్ రికార్డుల వ్యవస్థని 2009 నించి మామూలు కొనుగోలుదారులూ చూసుకోవచ్చు. అయినా రాష్ట్రాలు మార్చి టైటిల్‌ని "కడిగే" విద్య ఉంది. మన ఆర్‌సీ మీద ఇది వరదలో మునిగింది అని ముద్రే కనపడదు. కాబట్టి కళ్ళే ఆధారం. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, అడుగున బురద గీత ఉంటుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు బోల్టుల మీద తుప్పు, డాష్ అడుగున కనెక్టర్లలో మట్టి, పదేళ్ళ కారులో కొత్త కార్పెట్, ముక్కు పగిలే సువాసన. రెండు కనపడితే చాలు, దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ఈ దేశం కొత్తగా వచ్చిన మన కుర్రాళ్ళు మొదటి జీతాల్లో మిగిల్చి కొనేది పాత కారే. హైదరాబాద్‌లో ఇప్పుడు ఇంటికో కారు అయ్యాక అక్కడా అంతే. కప్పు లేని బండి నించి కంప్యూటర్ల బండి దాకా నూట నలభై ఏళ్ళలో కారు నేర్చుకున్న పాఠం ఒకటే, నీళ్ళకి అడ్డం పడొద్దు, దారి చూపించు. ఆ దారి మనకి కనపడకుండా కట్టారు, దాన్ని ఊడ్చే పని ఏ సర్వీసు బిల్లులోనూ సాధారణంగా రాయరు. వానాకాలం ముందు ఇంటి డాబా మీద ఆకులు ఊడ్చేటప్పుడు, పది నిమిషాలు కారు బానెట్ కూడా ఎత్తండి. అదీ సంగతి.